తప్పుకు పేరైన కెప్టెను

పిల్లలూ! బడి మైదానంలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. జట్లు పంచుకోగానే ప్రతివాడూ ముందు ఆడి గోలు కొడతానంటాడు. "నేను వెనక ఉండి కాస్తాను," అని తనంతట తాను అనేవాడు చాలా అరుదు. దీనికి కారణం లేకపోలేదు. గోలు కొట్టినవాణ్ణి అందరూ భుజాల మీద ఎక్కించుకుంటారు. వెనక నిలబడి పదిసార్లు బంతిని ఆపినవాడి సంగతి ఎవరికీ గుర్తుండదు. పదకొండోసారి బంతి తప్పిపోయిందా, అందరూ వాడి మీదే విరుచుకుపడతారు.

ఈ నెల మీకు అటువంటి వెనక ఆటగాడి కథ ఒకటి చెబుతాను. ఇది కల్పించిన కథ కాదు, జరిగినదే. ఇతని పొరపాట్లు ఎంతగా ప్రసిద్ధికెక్కాయంటే, చివరకు ఆ రకం పొరపాటుకు ఇతని పేరే పెట్టేశారు. ఐనా ఇతను యూరప్‌లో ఉన్న క్లబ్బులన్నిటిలోకీ పెద్ద కప్పును అందుకున్న మొదటి ఇటలీ కెప్టెను అయాడు. ఆ తరవాత మూడు పదుల సంవత్సరాలు ఇతరులకు ఆట నేర్పాడు. ఇతని పేరు చేజరె మాల్దీని.

రేవు పట్టణపు కుర్రవాడు

ఇటలీ దేశపు మ్యాపు పొడుగాటి బూటులాగా ఉంటుందని మీ భూగోళం మాస్టారు చెప్పే ఉంటారు. ఆ బూటు పైభాగాన, తూర్పు మూల, ఆద్రియాటిక్ సముద్రపు ఒడ్డున త్రియెస్తె అనే రేవు పట్టణం ఉన్నది. చేజరె 1932 ఫిబ్రవరి 5న అక్కడ పుట్టాడు.

అతని చిన్నతనం కష్టకాలంలో గడిచింది. అతనికి ఏడేళ్ళు వచ్చేసరికి రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమయింది. యుద్ధం ముగిశాక త్రియెస్తె ఎవరికి చెందాలనే విషయంలో ఇటలీకీ యుగోస్లావియాకూ తగువు వచ్చింది. అందుచేత కొన్ని ఏళ్ళపాటు బ్రిటిషు, అమెరికను సైన్యాధికారులు ఆ పట్టణాన్ని పాలించారు. 1954 అక్టోబరులో గాని అది తిరిగి ఇటలీ పాలన కిందికి రాలేదు.

తమ ఊరు రేపు ఏ దేశంలో ఉంటుందో పెద్దవాళ్ళకే తెలియని ఆ రోజుల్లో కూడా త్రియెస్తెలో ఫుట్‌బాల్ ఆట ఆగలేదు. ఆ ఊరి జట్టు పేరు త్రియెస్తీన. అది ఇటలీలోని మొదటి తరగతి లీగులోనే ఆడుతూ వచ్చింది. 1947-48లో ఆ చిన్న జట్టు లీగు మొత్తం మీద రెండవ స్థానానికి ఎగబాకి అందరినీ ఆశ్చర్యపరిచింది. అప్పుడు దాని శిక్షకుడు నెరెయో రొక్కో. ఆయన ఆ ఊరివాడే. మన కథలో ఆయనకు పెద్ద పాత్ర ఉన్నది.

తలుపు గడియ

పెద్ద జట్ల దగ్గర డబ్బు ఉన్నది, పేరుపొందిన ఆటగాళ్ళు ఉన్నారు. చిన్న ఊరి జట్టు వాళ్ళను ఎలా నిలవరించగలదు? రొక్కోవంటివారు దీనికి ఒక ఉపాయం పట్టారు. ఇటలీవాళ్ళు దాన్ని "కతెనాచ్చో" అంటారు. అంటే తలుపు గడియ అన్నమాట.

రాత్రిపూట మీ ఇంట్లో తలుపు మూసి ఊరుకోరు గదా? లోపలినుంచి గడియ కూడా పెడతారు. తోసినవాడు తలుపును కదిలించినా గడియ ఆపుతుంది. ఈ ఆటలోనూ అంతే. వెనక కాచేవాళ్ళలో ప్రతి ఒక్కడికీ ఎదటి జట్టులోని ఒక ఆటగాణ్ణి అప్పగిస్తారు. వాడు ఎక్కడికి పోతే వీడు అక్కడికి పోవాలి. వీళ్ళందరి వెనకా, గోలుకు ముందు, ఒక్క మనిషిని మాత్రం ఎవరికీ అప్పగించకుండా విడిగా ఉంచుతారు. అతన్ని "లీబెరో" అంటారు. ఆ మాటకు స్వేచ్ఛ గలవాడని అర్థం. ముందున్నవాళ్ళలో ఎవరిని దాటుకుని బంతి వచ్చినా ఇతను అడ్డుపడాలి. ఇతనే గడియ.

ఈ పనికి బలం ఒక్కటే చాలదు, తెలివి కావాలి. అది ఎటువంటి తెలివో మీరే ఇంట్లో పరీక్షించి చూడవచ్చు. రాత్రి పూర్ణచంద్రుణ్ణి చూస్తూ మీ అరచేతిని కంటికి దగ్గరగా పెట్టుకోండి. చంద్రుడే కాదు, సగం ఆకాశం కనిపించకుండా పోతుంది. చెయ్యి పూర్తిగా చాచితే చుట్టూ ఉన్న ఆకాశం చాలావరకు తిరిగి కనిపిస్తుంది. చెయ్యి పెరగలేదు, తరగలేదు. కంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ మేర కప్పుతుంది.

ఫుట్‌బాల్ గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అంత పెద్ద వాకిలిని ఒక మనిషి తన శరీరంతో మూయలేడు. కాని బంతి తన్నబోయేవాడికి దగ్గరగా వెళితే, మీ అరచెయ్యి ఆకాశాన్ని కప్పినట్టు, గోలులో పెద్ద భాగాన్ని అడ్డుకోవచ్చు. ఐతే మరీ తొందరపడి దగ్గరికి పోతే ఎదటివాడు పక్కనుంచి తప్పించుకుపోతాడు. ఆలస్యం చేస్తే బంతి తన్నేస్తాడు. ఎప్పుడు ముందుకు వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో క్షణంలో నిర్ణయించుకోవాలి. మంచి వెనక ఆటగాడి విద్య అంతా ఇందులోనే ఉన్నది.

తప్పుకు తన పేరు

చేజరె 1953 మే నెలలో త్రియెస్తీన తరఫున మొదటి తరగతి లీగులో ఆడాడు. అప్పటికతనికి 21 ఏళ్ళు. మరుసటి సంవత్సరం మిలాన్ నగరంలోని ప్రసిద్ధమైన ఎ.సి. మిలాన్ క్లబ్బు అతన్ని తీసుకున్నది. విచిత్రమేమిటంటే, 1954 సెప్టెంబరులో కొత్త జట్టుతో అతను ఆడిన మొదటి ఆట తన సొంత ఊరి జట్టు మీదనే. అందులో మిలాన్ 4-0 తేడాతో గెలిచింది. ఆ ఏడు మిలాన్ లీగు విజేత అయింది. 1957లోనూ, 1959లోనూ, 1962లోనూ మళ్ళీ అయింది. ఈ నాలుగుసార్లూ చేజరె జట్టులో ఉన్నాడు.

అతను పొడుగుగా, హుందాగా ఉండేవాడు. మిగిలిన వెనక ఆటగాళ్ళు బంతి కాలికి తగలగానే గుడ్డిగా దూరంగా తన్నేసేవాళ్ళు. ప్రమాదం తప్పేది, కాని బంతి తిరిగి ఎదటి జట్టుకే చిక్కేది. చేజరె అలా చేసేవాడు కాదు. బంతిని కాలి కింద అదుపులో ఉంచుకుని, తల ఎత్తి చూసి, తనవాడు ఎక్కడున్నాడో కనుక్కుని అక్కడికి పంపేవాడు. మీదికి వచ్చినవాణ్ణి సొంత గోలు ముందే తప్పించి ముందుకు సాగేవాడు.

ఇందులో అందం ఉన్నది, లాభం ఉన్నది. అపాయం కూడా ఉన్నది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇది ఫలించేది. పదోసారి ఎదటివాడు బంతిని లాగేసుకునేవాడు. వెనక ఇంకెవరూ లేరు గదా! గడియే ఊడిపోతే తలుపు తెరుచుకున్నట్టే. ఇలాంటి పొరపాట్లు కొన్ని జరిగేసరికి పత్రికలవాళ్ళు వాటికి "మాల్దినాతె" అని పేరు పెట్టారు. అంటే మాల్దీని చేసే పనులన్నమాట. ఆ మాట నలుగురి నోటా పడింది.

పిల్లలూ, ఒక్కసారి ఆలోచించండి. మీ క్లాసులో ఎవరైనా లెక్క తప్పు చేసినప్పుడల్లా అందరూ మీ పేరు చెప్పి నవ్వితే మీకు ఎలా ఉంటుంది? చాలామంది ఆ లెక్కల జోలికే పోకుండా మానుకుంటారు. చేజరె కూడా మిగిలినవాళ్ళలాగా బంతిని గుడ్డిగా తన్నడం మొదలుపెడితే ఎవరూ నవ్వేవాళ్ళు కారు. కాని జట్టు ఆట అతనినుంచే ఆరంభమయేది. వెనకనుంచి బంతి సవ్యంగా అందకపోతే ముందున్నవాళ్ళు ఎంత నేర్పరులైనా ఏం చేయగలరు? అందుచేత అతను తన పద్ధతిని విడిచిపెట్టలేదు. జట్టు కూడా అతన్ని విడిచిపెట్టలేదు. 1961లో అతన్ని మిలాన్ జట్టుకు కెప్టెనుగా చేశారు. అదే ఏడు త్రియెస్తెవాడైన నెరెయో రొక్కో మిలాన్‌కు శిక్షకుడయాడు. ఒకే ఊరివాళ్ళు ఇద్దరూ మళ్ళీ కలిశారు.

వెంబ్లీలో కప్పు

యూరప్‌లోని ప్రతి దేశంలో లీగు గెలిచిన జట్లు పోటీపడే కప్పు ఒకటి 1955లో ఆరంభమయింది. దాన్ని యూరోపియన్ కప్పు అనేవారు. 1958లో మిలాన్ జట్టు ఫైనలు దాకా వెళ్ళింది. బ్రస్సెల్స్‌లో జరిగిన ఆ ఆటలో స్పెయిన్ దేశపు రియల్ మద్రీద్ జట్టు అదనపు సమయంలో 3-2తో మిలాన్‌ను ఓడించింది. చేతికి అందినట్టే అంది కప్పు జారిపోయింది. ఆ రోజు మైదానంలో చేజరె ఉన్నాడు.

అయిదేళ్ళ తరవాత, 1963 మే 22న, లండన్‌లోని వెంబ్లీ మైదానంలో మిలాన్ మళ్ళీ ఫైనలు ఆడింది. ఎదటి జట్టు పోర్చుగల్ దేశపు బెన్‌ఫీకా. అది సామాన్యమైన జట్టు కాదు. 1961లోనూ, 1962లోనూ ఆ కప్పు దానిదే. అందులో యుసేబియో అనే మహా ఆటగాడు ఉన్నాడు. ఆట మొదలైన కొద్దిసేపటికే అతను మిలాన్ రక్షణను చీల్చుకుని వెళ్ళి గోలు కొట్టాడు.

ఇటువంటి సమయంలో కెప్టెను బెదిరితే జట్టంతా బెదురుతుంది. మిలాన్ జట్టు బెదరలేదు. సగం ఆట అయాక బ్రెజిల్‌లో పుట్టిన జొజె అల్తఫీని వరసగా రెండు గోల్స్ కొట్టాడు. మిగిలిన సమయమంతా గడియ గట్టిగా నిలిచింది. ఆట 2-1తో ముగిసింది. ఇటలీ జట్టు ఒకటి యూరోపియన్ కప్పు గెలవడం అదే మొదటిసారి. తప్పులకు పేరైన చేజరె మాల్దీని మెట్లెక్కి ఆ కప్పును అందుకున్నాడు.

ఆనాటి జట్టులో ఇద్దరు కుర్రవాళ్ళ పేర్లు గుర్తుంచుకోండి. ఒకడు 19 ఏళ్ళ జాన్ని రివేరా. ఇతను తరవాత ఇటలీ గర్వించదగిన ఆటగాడయాడు. రెండోవాడు జొవాన్ని త్రపత్తోని. ఇతను మన కథలో మళ్ళీ వస్తాడు.

చేజరె ఇటలీ దేశం తరఫున 14 ఆటలు ఆడాడు. 1962లో చిలీ దేశంలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలకు కూడా వెళ్ళాడు. 1966లో మిలాన్ వదిలి, రొక్కో శిక్షణ ఇస్తున్న తొరీనో జట్టులో ఒక ఏడాది ఆడి, 35 ఏళ్ళ వయసులో ఆట మానేశాడు.

గీతకు ఇవతల

మైదానం చుట్టూ తెల్లని గీత ఉంటుంది. ఆటగాడు ఆ గీతకు లోపల ఉంటాడు, శిక్షకుడు వెలపల ఉంటాడు. లోపల ఉన్నవాడు తప్పు చేస్తే పరుగెత్తి దిద్దుకోవచ్చు. వెలపల ఉన్నవాడు పరుగెత్తడానికి లేదు. పదకొండుమంది చేసే తప్పులకూ తానే జవాబు చెప్పుకోవాలి.

మాల్దీని ముందు రొక్కో పక్కన ఉండి ఈ పని నేర్చుకున్నాడు. తరవాత మిలాన్ జట్టు భారం ఆయన మీదే పడింది. అప్పుడు పెద్ద దెబ్బ తగిలింది. 1974 జనవరిలో హాలండ్ దేశపు అయాక్స్ జట్టు ఆమ్‌స్టర్‌డామ్‌లో మిలాన్‌ను 6-0తో చిత్తు చేసింది. రక్షణకు పేరుపొందిన మనిషి జట్టు ఆరు గోల్స్ ఇచ్చింది! కొద్ది నెలల్లో ఆయన పదవి పోయింది. ఆయన చోటులో వచ్చినది ఎవరనుకున్నారు? వెంబ్లీలో ఆయనతో కలిసి ఆడిన త్రపత్తోనియే.

పెద్ద క్లబ్బునుంచి వచ్చినవాడు సాధారణంగా మరొక పెద్ద క్లబ్బు కోసం చూస్తూ కూచుంటాడు. మాల్దీని అలా కూచోలేదు. ఫోజా, తెర్ని వంటి చిన్న ఊళ్ళ జట్లకు శిక్షణ ఇచ్చాడు. 1978లో పార్మ వెళ్ళాడు. ఆ జట్టు అప్పుడు మూడవ తరగతి లీగులో ఉన్నది. ఆ ఏడాది చివర, రెండవ తరగతిలోకి ఎక్కాలంటే ఒక ఆట తప్పక గెలవాలి. ఎదటి జట్టు ఏది? త్రియెస్తీన! తాను పుట్టిన ఊరి జట్టు, తనకు ఆట నేర్పిన జట్టు.

1979 జూన్‌లో వీచెంజా పట్టణంలో ఆ ఆట జరిగింది. పార్మ అదనపు సమయంలో 3-1తో గెలిచింది. అందులో రెండు గోల్స్ కొట్టినవాడు 20 ఏళ్ళ కుర్రవాడు. పేరు కార్లో ఆంచెలోత్తి. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

1980లో ఇటలీ జాతీయ జట్టు శిక్షకుడు ఎంజో బేయర్జోత్ మాల్దీనిని తన సహాయకుడుగా తీసుకున్నాడు. 1982లో స్పెయిన్‌లో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. ఇటలీ మొదటి మూడు ఆటల్లో ఒక్కటి కూడా గెలవలేదు. మూడూ సమానంగా ముగిశాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆటగాళ్ళు విసిగిపోయి విలేఖరులతో మాట్లాడడమే మానేశారు. తరవాత అదే జట్టు ఆర్జెంటీనాను 2-1తో, బ్రెజిల్‌ను 3-2తో, పోలండ్‌ను 2-0తో, ఫైనలులో పశ్చిమ జర్మనీని 3-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. నిందలు మోస్తూ పని చేయడం ఎలాగో తెలిసిన మనిషి ఆ జట్టు శిక్షకుడి పక్కనే ఉన్నాడు మరి.

తండ్రీ కొడుకూ

మాల్దీనికి ఆరుగురు పిల్లలు. వారిలో పావ్లో 1968లో పుట్టాడు. వాడు కూడా మిలాన్ క్లబ్బు పిల్లల జట్టులో చేరి, తండ్రిలాగే వెనక ఆటగాడయాడు. 1985 జనవరి 20న, 16 ఏళ్ళ వయసులో, మొదటిసారిగా పెద్దవాళ్ళ జట్టులో దిగాడు. అతన్ని దించిన శిక్షకుడు నిల్స్ లీడ్‌హోమ్. స్వీడన్ దేశస్థుడైన ఈయన 1950లలో చేజరెతో కలిసి మిలాన్‌కు ఆడినవాడే.

పెద్దవాడి కొడుకుగా పుట్టడం సుఖమని మీరనుకోవచ్చు. కాని బాగా ఆడితే "తండ్రి పోలిక" అంటారు, బాగా ఆడకపోతే "తండ్రి పలుకుబడి" అంటారు. ఆ కుర్రవాడు నోటితో జవాబు చెప్పలేదు. 25 సీజన్లపాటు ఒకే క్లబ్బుకు ఆడి, మొత్తం 902 ఆటలతో జవాబు చెప్పాడు.

ఈలోగా తండ్రి 1986లో ఇటలీ యువజన జట్టుకు శిక్షకుడయాడు. 21 ఏళ్ళలోపువారి జట్టు అది. పదేళ్ళు అక్కడే ఉన్నాడు. 1992, 1994, 1996 పోటీల్లో ఆయన జట్టు వరసగా మూడుసార్లు యూరప్ విజేత అయింది. ఆయన చేతికింద ఆడిన కుర్రవాళ్ళలో ఫాబియో కన్నవారో, అలెస్సాండ్రో నెస్తా, ఫ్రాంచెస్కో తొత్తి ఉన్నారు. 2006లో ఇటలీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ ముగ్గురూ జట్టులో ఉన్నారు, కన్నవారో కెప్టెను.

1996 డిసెంబరులో మాల్దీనికి ఇటలీ పెద్ద జట్టు భారం అప్పగించారు. అప్పటికే ఆ జట్టు కెప్టెను ఎవరంటే, పావ్లో! ఇంట్లో తండ్రీ కొడుకులు, మైదానంలో శిక్షకుడూ కెప్టెనూ. 1997 ఫిబ్రవరిలో ఇద్దరూ కలిసి వెంబ్లీకి వెళ్ళారు. 1963లో తండ్రి కప్పు అందుకున్న ఆ మైదానంలో ఇటలీ 1-0తో ఇంగ్లండును ఓడించింది.

1998లో ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. ఇటలీ ఒక్క ఆట కూడా ఓడకుండా క్వార్టర్ ఫైనలు చేరింది. అక్కడ ఎదురైనది ఫ్రాన్సే. రెండు గంటలపాటు ఆడినా ఎవరూ గోలు కొట్టలేకపోయారు. అదనపు సమయంలో రొబెర్తో బాజ్జో తన్నిన బంతి గోలు స్తంభానికి ఒక్క పిసరు పక్కనుంచి పోయింది. చివరకు పెనాల్టీలతో తేల్చవలసి వచ్చింది. పెనాల్టీ అంటే 11 మీటర్ల దూరంనుంచి, ఎదట గోలుకీపరు ఒక్కడే ఉండగా బంతి తన్నడం. ఇటలీ తరఫున చివర తన్నిన దీ బ్యాజో బంతి పై కమ్మీకి తగిలి వెనక్కు వచ్చింది. ఫ్రాన్స్ 4-3తో గెలిచి, తరవాత కప్పే గెలుచుకున్నది.

మాల్దీని గోలు కాచుకోవడమే తప్ప దాడి చేయడం తెలియనివాడని విమర్శకులు అన్నారు. గడియ పద్ధతికి కాలం చెల్లిందన్నారు. ఆయన పదవి వదులుకున్నాడు. ఆ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. ఒక విద్యలో ఆరితేరినవాడికి ఆ విద్యను దాటి చూడడం కొంచెం కష్టమే.

రెండు ఆరులు

ఇక ఆయన ఇంట్లో కూచుంటాడని అందరూ అనుకున్నారు. కాని 2001లో మిలాన్ క్లబ్బు ఇబ్బందిలో పడి, సీజను ముగిసేదాకా సాయపడమని ఆయన్ను పిలిచింది. ఆ ఏడు మే 11న మిలాన్ తన ఊళ్ళోనే ఉన్న పోటీ జట్టు ఇంటర్‌తో ఆడింది. ఆ ఆటలో మిలాన్ ఎంతతో గెలిచిందో తెలుసా? 6-0తో! 1974లో 6-0తో ఓడిన మనిషి, 27 ఏళ్ళ తరవాత 6-0తో గెలిచాడు. ఆ రోజు మైదానంలో మిలాన్ కెప్టెను ఆయన కొడుకే.

2002లో ఆయన దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు జట్టు శిక్షకుడుగా ప్రపంచ కప్పు పోటీలకు వెళ్ళాడు. అప్పటికి ఆయనకు 70 ఏళ్ళు. అంతవరకు ప్రపంచ కప్పు పోటీల్లో అంత పెద్ద వయసు శిక్షకుడు లేడు. భాష వేరు, మనుషులు వేరు. పరాగ్వే మొదటి ఆట సమానంగా ముగించింది, రెండోది ఓడింది, మూడోది గెలిచి తరవాతి అంచెకు చేరింది. అక్కడ జూన్ 15న జర్మనీతో ఆట. 88వ నిమిషం దాకా గడియ నిలిచింది. అప్పుడు ఒక్క గోలు పడి 1-0తో ఓడిపోయింది.

మూడు రోజుల తరవాత, అవే పోటీల్లో, ఇటలీ దక్షిణ కొరియా చేతిలో ఓడింది. ఇటలీ శిక్షకుడు త్రపత్తోని, కెప్టెను పావ్లో. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకే వారంలో ఇంటిదారి పట్టారు. పావ్లో దేశం తరఫున 126 ఆటలు ఆడికూడా ఒక్క ప్రపంచ కప్పు గెలవకుండానే జాతీయ జట్టునుంచి విరమించాడు.

ఐతే కథ అక్కడ ముగియలేదు. 2003 మే 28న ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో యూరప్ క్లబ్బుల కప్పు ఫైనలు జరిగింది. మిలాన్, యువెంతుస్ జట్లు తలపడ్డాయి. ఆట 0-0తో ముగిసి, పెనాల్టీల మీద మిలాన్ 3-2తో గెలిచింది. 1963లో తండ్రి ఇంగ్లండులో కెప్టెనుగా అందుకున్న కప్పును, సరిగా 40 ఏళ్ళకు కొడుకు ఇంగ్లండులోనే కెప్టెనుగా అందుకున్నాడు. ఆ రోజు మిలాన్ శిక్షకుడు ఎవరు? 1979లో పార్మ కోసం రెండు గోల్స్ కొట్టిన ఆ కుర్రవాడు, కార్లో ఆంచెలోత్తి.

నవ్వగలిగినవాడు

ముసలితనంలో కూడా చేజరె మాల్దీనిని జనం మరచిపోలేదు. తెయో తెయోకోలి అనే హాస్యనటుడు టెలివిజన్‌లో ఆయన మాటతీరునూ, నడకనూ అనుకరించి ఇటలీనంతటినీ నవ్వించేవాడు. మరొకరైతే కోపగించుకునేవారు. ఆయన మాత్రం అందరితోపాటు తానూ నవ్వాడు. తన పేరు పొరపాట్లకు పెట్టినప్పుడే భరించిన మనిషికి ఇదొక లెక్కా?

ఆయన 2016 ఏప్రిల్‌లో, 84 ఏళ్ళ వయసులో, మిలాన్‌లో కన్నుమూశాడు. నాలుగేళ్ళ తరవాత, 2020 ఫిబ్రవరి 2న, పావ్లో కొడుకు దనియేలె మిలాన్ జట్టులో మొదటిసారి ఆడాడు. ఒకే ఇంటినుంచి మూడు తరాలవాళ్ళు ఒకే క్లబ్బు చొక్కా తొడుక్కున్నారు. ఐతే తాతా తండ్రీ వెనక ఉండి గోలు కాచారు, మనవడు మాత్రం ముందు ఉండి గోలు కొట్టే ఆటగాడు!

పిల్లలూ, రేపు సాయంత్రం మీరు మైదానానికి వెళ్ళినప్పుడు ఒక పని చేసి చూడండి. జట్లు పంచుకునేటప్పుడు, "ఇవాళ నేను వెనక ఉండి కాస్తాను," అనండి. బంతి మీ దగ్గరికి వచ్చినప్పుడు కంగారుపడి గుడ్డిగా తన్నకండి. తల ఎత్తి చూసి, మీవాడు ఎక్కడున్నాడో అక్కడికి పంపండి. ఒకటి రెండుసార్లు బంతి పోవచ్చు, ఎవరైనా నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మళ్ళీ బంతి వచ్చినప్పుడు మళ్ళీ తల ఎత్తి చూడండి.

మీరే కాయడానికి నిలబడకపోతే, వెనక కాచే మీ స్నేహితుడి చేతిలోనుంచి ఒక గోలు తప్పిపోయినప్పుడు వాణ్ణి తిట్టబోయేముందు, అంతకుముందు వాడు ఆపిన పది బంతులనూ ఒకసారి లెక్కపెట్టుకోండి.